తెరకు బొమ్మ అమరకపోవుట: దాని పూర్వకథ



ఇంటికి క్రొత్త టెలివిజన్ వచ్చును. దాని ప్రక్కన చిన్న డబ్బా యొకటి తగిలింతురు. దానినే మీడియా ప్లేయరు అందురు. పెన్‌డ్రైవ్‌లో నింపిన పాత చలనచిత్రమో, ఇంట జరిగిన పెండ్లి వీడియోయో అందు పెట్టుదురు. అంతట మూడు ఫిర్యాదులలో నొకటి తప్పక వినవచ్చును. బొమ్మకు ఇరుప్రక్కల నల్లని పట్టీలు నిలిచినవని కొందరు, మనుష్యులు పొట్టిగా లావుగా కనబడుచున్నారని కొందరు, అడుగున పరుగిడు వార్తల అక్షరములు సగము తెగిపోవుచున్నవని మరికొందరు చెప్పుదురు. అంగడివాడు మోసగించెననియో, యంత్రము చెడినదనియో తలంచుట సహజము. కాని ఈ మూడింటికిని మూలము యంత్రములో కంటె చరిత్రలోనే యెక్కువగా నున్నది. బొమ్మకొక ఆకారము, తెరకొక ఆకారము వేర్వేరు కాలములందు ఏర్పడుచు వచ్చుటయే దీనికెల్ల కారణము.

మొదటి కొలత అమెరికాలో పుట్టినది. 1890 తరువాతి సంవత్సరములలో థామస్ ఎడిసన్ ప్రయోగశాలయందు పనిచేయుచుండిన విలియం డిక్సన్ అనునతడు 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మునకు అంచులయందు రంధ్రములు వేయించి, ఒక్కొక్క బొమ్మకు నాలుగేసి రంధ్రముల ఎత్తు కేటాయించెను. బొమ్మ వెడల్పు 1 అంగుళము, ఎత్తు ముప్పాతిక అంగుళము. అనగా 4కు 3. తరువాత సినిమాకు మాట వచ్చి, ఫిల్ము అంచున ధ్వనికి చోటు విడువవలసి వచ్చినందున, 1932లో అమెరికా చలనచిత్ర అకాడమీ వారు ఆ నిష్పత్తిని 1.375కు 1గా సవరించిరి. భేదము స్వల్పము. 1957లో విడుదలయైన మన మాయాబజార్ ఈ ఆకారమునందే తీయబడినది.

టెలివిజన్ పుట్టినప్పుడు సినిమా ఆకారమునే అనుసరించెను. అమెరికాలో 1941 నాటి ప్రమాణము 4కు 3. లండనులో బి.బి.సి. వారు 1936లో 5కు 4 నిష్పత్తితో ఆరంభించి, 1950లో 4కు 3నకు మారిరి. మన దేశమున 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజన్ ప్రసారములు ఆరంభమైనవి. పల్లెలకు అది చేరినది ఉపగ్రహము ద్వారా. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు, ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము సాయముతో, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారు తయారుచేసిరి. పంచాయతీ ఆవరణలో చాపలు పరచుకొని వాటిని చూచినవారు మీలో కొందరైన నుండవచ్చును. ఆ పెట్టెలన్నియు 4కు 3 ఆకారము గలవే.

ఆ పెట్టెలను గూర్చి ఒక విశేషము చెప్పవలసి యున్నది. అడుగున అక్షరములు తెగిపోవు జబ్బునకు బీజము అక్కడనే పడినది. పాత టెలివిజన్‌లో పిక్చర్ ట్యూబు అను గాజు గొట్టముండెడిది. అందు వెనుకనుండి ఎలక్ట్రానుల ధార వెలువడి, అయస్కాంత బలముచే అటునిటు వంచబడి, వరుసవరుసగా తెరపై బొమ్మను గీయుచుండెడిది. సాయంకాలమున ఊరంతయు దీపములు వెలిగించినప్పుడు వోల్టేజి పడిపోయి, బొమ్మ నలువైపుల నుండి కుంచించుకొని, చుట్టును నల్లని అంచు కనబడుట మీరెల్లరు చూచియే యుందురు. స్టెబిలైజర్లు కొన్నది అందులకే గదా! భాగములు పాతబడినను ఈ కుంచించుకొనుట కలుగుచుండెను. అందువలన తయారుచేయువారు ముందుగానే బొమ్మను గాజుతెర కంటె కొంచెము పెద్దదిగా గీయునట్లు అమర్చిరి. అంచులు గాజు వెలుపలికి పోయి కనబడకుండెడివి. దీనినే ఓవర్‌స్కాన్ అందురు. కార్యక్రమములు తీయువారును ఇది యెరిగి, అక్షరములను అంచునకు దూరముగా, లోపలనే వ్రాయుచు వచ్చిరి. ఆ నాటికి అది మిక్కిలి వివేకమైన ఏర్పాటు.

ఇంతలో సినిమావారు పారిపోజొచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో జనులు ఇంటనే కూర్చుండి టెలివిజన్ చూచుటచే థియేటర్లు వెలవెలబోయినవి. ఇంటి పెట్టెలో పట్టని బొమ్మను చూపినగాని ప్రేక్షకులు రారని నిర్మాతలు తలంచిరి. 1952లో సినెరమా, 1953లో సినిమాస్కోపు వచ్చినవి. సినిమాస్కోపు ఉపాయము చమత్కారమైనది. ఆన్రీ క్రెత్యాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అంతకు పూర్వమే రూపొందించిన కటకము, దృశ్యమును వెడల్పున సగమునకు నొక్కి ఫిల్ముపై పడవేయును. థియేటరులో మరియొక కటకము దానిని తిరిగి రెండింతలు సాచును. తుదకు తెరపై నిష్పత్తి 2.55కు 1గా, తరువాత 2.35కు 1గా స్థిరపడెను. హిందీలో 1959 నాటి కాగజ్ కే ఫూల్, తెలుగులో 1974 నాటి అల్లూరి సీతారామరాజు ఈ పద్ధతిలో మొదటివి. ఆ మన్యపు కొండల విస్తారము పాత చతురపు తెరలో ఇముడునది కాదు.

ఇట్లు వెడల్పుగా తీసిన చిత్రములను మరల 4కు 3 టెలివిజన్‌లో చూపవలసి వచ్చినప్పుడు రెండే మార్గములు మిగిలినవి. పైన క్రింద నల్లని పట్టీలు విడిచి బొమ్మనంతయు చిన్నదిగా చూపుట ఒకటి. ఇరుప్రక్కల కోసివేసి నడుమనున్నది మాత్రము పెద్దదిగా చూపుట రెండవది. రెండవదే జనులకు ప్రియమయ్యెను, తెర నిండుగా నుండును గనుక. కాని తెరకు ఆ కొనన ఒకరు, ఈ కొనన ఒకరు నిలిచి మాటలాడు ఘట్టములో ఒకరి కంఠము మాత్రమే వినబడి, ఆకారము కనబడకపోయెడిది. నల్లని పట్టీ బొమ్మను కాపాడును. నిండు తెర దానిని కోయును. ఈ సంగతి నేటికిని పలువురకు నచ్చదు.

1984 ప్రాంతమున, అమెరికాలో క్రొత్త టెలివిజన్ ప్రమాణమును నిర్ణయింపబూనిన ఇంజనీర్ల సంఘములో కెర్న్స్ పవర్స్ అను నతడు, వాడుకలోనున్న ఆకారముల నన్నిటిని సమాన వైశాల్యము గల దీర్ఘచతురస్రములుగా గీసి, కేంద్రములు కలియునట్లు ఒకదానిపై నొకటి నుంచెను. వాటినన్నిటిని చుట్టివచ్చు పెద్ద దీర్ఘచతురస్రమును, వాటికన్నిటికి ఉమ్మడియైన లోపలి చిన్న దీర్ఘచతురస్రమును ఒకే నిష్పత్తి గలవై యుండెను: ఇంచుమించు 1.77. అదియే 16కు 9. లెక్కలు చెప్పినవాడను గావున నాకిది మిక్కిలి ముచ్చట గొలుపును. 4/3ను 2.35తో గుణించి వర్గమూలము తీసినచో వచ్చునది 1.77యే. మరియు 16/9 అనగా 4/3 యొక్క వర్గమే. కావున 4కు 3 బొమ్మను నేటి తెరపై పెట్టినచో ముప్పాతిక తెర నిండి పాతిక నల్లగా మిగులును. సినిమాస్కోపు బొమ్మను పెట్టినను ఇంచుమించు అంతియే. ఇరువురు దాయాదులకు సమముగా నష్టము పంచిన తీర్పు ఇది! 32 అంగుళముల సెట్టులో తెర వెడల్పు సుమారు 28 అంగుళములు, ఎత్తు 15¾. అందు పాత చిత్రము 21 అంగుళముల వెడల్పు తీసికొని, ఇరుప్రక్కల మూడున్నరేసి అంగుళములు విడుచును. అది లోపము కాదు, న్యాయమైన లెక్క.

ఈ నలుపు ఓర్వలేక ఎవరో ఒకరు రిమోట్‌లో ‘స్ట్రెచ్’ అనుదానిని నొక్కుదురు. 4కు 3 బొమ్మ తెరనిండ సాగి, ప్రతి ముఖము వెడల్పున మూడవ వంతు పెరుగును. మన శిల్పులు తాలమానము పెట్టుకొని, ముఖము ఇంత, దేహము దానికి ఇన్ని రెట్లు అని కొలచి విగ్రహము చెక్కుదురు. ఈ మీట యొక్క నొక్కుతో ఆ మానమంతయు భగ్నమగును. ఘటోత్కచుడు సాగిన నేమి, భరించును, శశిరేఖ మాటయేమి? సినిమాల సంగతి యట్లుండనిండు. మా యింట 1994 నాటి పెండ్లి వీడియో యొకటి కలదు. మా తల్లిగారు చలనముతో కనబడునది అందొక్కచోటనే. ఆమె సన్నని దేహము గలది. ఆమె పోయిన పిమ్మట పుట్టిన మా మనుమరాలు ఆ సాగిన బొమ్మను చూచి, “ముత్తవ్వ బాగా లావుగా ఉండేదా తాతా?” యని యడిగినది. చూచినవారు గతించిన వెనుక ఆ బొమ్మయే సాక్ష్యము. అది తప్పు చెప్పినచో దిద్దువారుండరు. నాటినుండి ఈ విషయమును వేడుకగా తీసికొనుట మానితిని.

ఇక చేయవలసిన పని. డి.వి.డి.లు 1996లో జపానునందు వెలువడినవి. మన దేశపు పద్ధతి డి.వి.డి.లో బొమ్మ సాధారణముగా 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు గలది; అది 4కు 3 బొమ్మయైనను, 16కు 9 బొమ్మయైనను చుక్కల సంఖ్య యొక్కటే. ఏ ఆకారమున చూపవలెనో తెలుపు చిన్న గుర్తు మాత్రము వేరుగా వ్రాయబడి యుండును. పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించునపుడు ఆ గుర్తు జారిపోయినచో మనుష్యులు సాగుటయో, నొక్కుకొనుటయో జరుగును. అట్టి ఫైలునకు ప్లేయరులోని ‘ఆస్పెక్ట్ రేషియో’ అనుచోట 4:3 అనియో 16:9 అనియో చెప్పినచో కుదురును. మరియు పాత సెట్టు నాడు కొన్న ప్లేయరులో ‘టీవీ టైప్’ అనునది 4:3గానే మిగిలియుండవచ్చును. దానిని క్రొత్త సెట్టునకు తగిలించినచో వెడల్పు చిత్రము చుట్టును నాలుగువైపుల నల్లని చట్రముతో చిన్నదై కనబడును. ప్లేయరులో 16:9 అని మార్చినంతనే విడిపోవును.

అడుగు అక్షరముల తెగుదల వేరు రోగము. నేటి పలక తెరలో గాజు గొట్టము లేదు, కుంచించుకొను ధార లేదు. చుక్కల వెడల్పు, ఎత్తు స్థిరముగా నుండును. అయినను పాత అలవాటు చొప్పున పెక్కు సెట్లు బొమ్మను కొంచెము పెంచి, అంచులను తెర వెలుపలికి నెట్టుచునే యున్నవి. కారణము పోయినను ఆచారము మిగులుట మనకు క్రొత్త కాదు గదా! సెట్టులోని ‘పిక్చర్ సైజ్’ అనుచోటికి పోయి వెదకవలెను. ఒక కంపెనీ వారు ‘స్క్రీన్ ఫిట్’ అందురు, వేరొకరు ‘జస్ట్ స్కాన్’ అందురు, ఇంకొకరు ‘ఫుల్ పిక్సెల్’ అందురు, అర్థమొకటే. ఏ తీగ యే రంధ్రమున పెట్టితిరో ఆ రంధ్రమునకు మాత్రమే ఆ మార్పు వర్తించు సెట్లు పెక్కు గలవు. కావున ప్లేయరు నడుచుచుండగనే ఈ మార్పు చేయవలెను.

సెట్టులో అట్టి ఏర్పాటు లేనప్పుడే ప్లేయరును సవరింపవలెను. రెండుచోట్ల సవరించినచో ఒకటి పెంచునది, ఒకటి తగ్గించునది యయి బొమ్మ మసకబారును. కోడి అను ప్లేయరు ప్రోగ్రాములో తెర మూలలను జరుపు పుట యొకటి కలదు. అందొక చతురస్రమును గూడ చూపి, సమచతురస్రముగా దిద్దుమనును. నేను కంటిని నమ్మక నూలుపోగుతో అడ్డము, నిలువు కొలచితిని.

ఇప్పుడు సెల్‌ఫోనును నిలువుగా పట్టి పెండ్లిండ్లు తీయుచున్నారు. ఆ బొమ్మ 9కు 16. మన 28 అంగుళముల తెరపై దానికి దక్కునది 9 అంగుళములకు లోపు వెడల్పు మాత్రమే. దానికి ప్లేయరులోను, సెట్టులోను మందు లేదు. తీయునప్పుడే ఫోనును అడ్డముగా పట్టుమని పిల్లలకు చెప్పవలెను.