రాజ్–కోటి: జంట వీడిన పిమ్మటి పాటలు, శ్రోతల చర్చ

రాజ్–కోటి యనునది తెలుగు చలనచిత్ర సంగీతమున 1983 మొదలు దాదాపు దశాబ్దకాలము ఒకే పేరుతో స్వరకల్పన చేసిన ఇరువురు సంగీత దర్శకుల ఉమ్మడి నామము. వీరిలో రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. ఈయన సంగీత దర్శకుడు టి.వి. రాజు కుమారుడు. కోటి అసలు పేరు సాలూరి కోటేశ్వరరావు. ఈయన 'మల్లీశ్వరి' సంగీతకర్త సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. 'ప్రళయ గర్జన'తో ఆరంభమైన వీరి కృషి 'యముడికి మొగుడు' (1988), 'హలో బ్రదర్' (1994) మొదలగు చిత్రములతో ఆంధ్రదేశమంతట వ్యాపించెను. ఏ.ఆర్. రెహమాన్ స్వతంత్ర దర్శకుడు కాకపూర్వము వీరి బృందమున కీబోర్డు వాయించెను.

జంట వీడిన పిమ్మట 1995లో ఇరువురి ప్రతిభయు వేర్వేరుగ పరీక్షకు నిలిచినది. ఆ యేటనే కోటి 'పెదరాయుడు'కును, రాజ్ 'సిసింద్రీ'కిని సంగీతము కూర్చిరి. 'సిసింద్రీ'లో నాగార్జున, టబులపై చిత్రితమైన 'ఆటాడుకుందాం రా' అను పాట విశేష ప్రజాదరణము పొందెను. దాని పల్లవిలోని మాటలే 2016లో సుశాంత్ నటించిన చిత్రమునకు పేరైనవి. కోటి 'నువ్వే కావాలి' (2000), 'నువ్వు నాకు నచ్చావ్' (2001) చిత్రములతో నూతన తరమును ఆకట్టుకొనెను.

ఆ కాలమున, నాటి కర్నూలు, నేటి నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డల వంటి పట్టణములకు పాట సినిమాహాలు, రేడియో, క్యాసెట్టు, తిరునాళ్ల పాటకచ్చేరి అను మార్గముల చేరెడిది. క్యాసెట్టు అట్టపై రెండు పేర్లుండవలసిన చోట ఒక్కటే కనబడగా, అభిమానులకు సహజముగనే తర్కము పుట్టును: పాత పాటలలో బాణీ ఎవరిది, వాద్యకల్పన ఎవరిది, ఇప్పుడు విడిగా గెలిచినవాడే అప్పుడును మూలస్తంభమా? ఇట్టి చర్చ పాటను మరల మరల శ్రద్ధగా వినిపించును గనుక మెచ్చదగినదే. కాని విడిపాట విజయమును ఉమ్మడి పాటకు సాక్ష్యముగ నిలుపుటయే ఇందలి దోషము. ఆళ్లగడ్డ శిల్పశాలలో ఒకరు మొరటు రాతిని రూపునకు తెచ్చి, వేరొకరు కనుముక్కు తీరు దిద్దినచో, పూర్తియైన విగ్రహమున ఏ ఉలిదెబ్బ ఎవరిదో విడదీయజాలము గదా.

పాశ్చాత్యదేశములందును ఇట్టి నిదర్శనము కలదు. బీటిల్స్ అను సంగీత బృందము చీలిన 1970లో అందలి జార్జ్ హారిసన్ 'మై స్వీట్ లార్డ్' అను పాటను హరే కృష్ణ నామముతో మేళవించి వెలువరింపగా, ఆ బృందపు పూర్వసభ్యులలో అమెరికా, బ్రిటన్ పాటల పట్టికలందు ప్రథమస్థానము నందిన తొలి విడిపాట అదియే యయ్యెను. బృందమున సహసభ్యులైన లెనన్, మెకార్ట్నీల రచనలకే అధికభాగము దక్కుచుండుటచేత హారిసన్ కూర్చుకొన్న గీతములు పెక్కు వెలికి రాక నిలిచిపోయినవి. కావున విడిపాట, బృందమున ఎడము దొరకని శక్తిని తెలుపునే కాని, బృందపు కీర్తిని పంచి చూపదు.

రాజ్ 2023 మే 21న హైదరాబాదున పరమపదించెను. 'సిసింద్రీ' గౌరవము రాజ్‌ది, 'పెదరాయుడు' గౌరవము కోటిది. 'హలో బ్రదర్' గౌరవము మాత్రము ఇరువురిది, దానిని పంచుట న్యాయము కాదు.