మోషన్ ఆపుకోలేని సమస్యకు ఒంట్లో అమర్చే పరికరాలు.. ఎవరికి అవసరం? ఏవి పనిచేస్తాయి?

బస్సెక్కాలంటే భయం. పెళ్లికి వెళ్లాలన్నా భయమే. మలం ఆపుకోలేని సమస్య ఉన్నవాళ్లు సిగ్గుతో డాక్టర్‌కు కూడా చెప్పకుండా ఏళ్ల తరబడి బాధపడుతుంటారు. కాన్పులో మలద్వారం కండరం చిరగడం, షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం, వెన్నుపూసకు గాయం, పైల్స్ లేదా ఫిస్టులా ఆపరేషన్.. ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అయితే దీనికి చికిత్స ఉంది. వేరే దారి లేనప్పుడు ఒంట్లో అమర్చే పరికరాలు కూడా ఉన్నాయి.

కృత్రిమ కండరం

ఇందులో మూడు భాగాలుంటాయి. మలద్వారం చుట్టూ నీటితో నిండే పట్టీ, పొత్తికడుపులో చిన్న బెలూన్, జననాంగం దగ్గర చర్మం కింద పంపు. పంపు నొక్కితే పట్టీలోని నీరు బెలూన్‌లోకి వెళ్లి దారి తెరుచుకుంటుంది. కొన్ని నిమిషాల్లో పట్టీ మళ్లీ దానంతటదే బిగుసుకుంటుంది. ఈ తరహా 'యాక్టికాన్' పరికరానికి 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పనిచేసిన వాళ్లకు బాగానే పనిచేసింది. కానీ 2002లో వచ్చిన అధ్యయనంలో 112 మందికి అమర్చితే, ఇన్ఫెక్షన్ వంటి కారణాలతో 41 మందికి పూర్తిగా తీసేయాల్సి వచ్చింది.

అయస్కాంత పూసల దండ

టైటానియం పూసల్లో అయస్కాంతాలు పెట్టిన 'ఫెనిక్స్'కు 2015లో అక్కడే పరిమిత అనుమతి దక్కింది. తర్వాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. దాంతో బ్రిటన్‌లో జరుగుతున్న అధ్యయనం మధ్యలోనే ఆగింది.

నరానికి పేస్‌మేకర్

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఇదే. నడుము కింద త్రికాస్థి దగ్గరున్న నరానికి సన్నని వైరుతో స్వల్ప కరెంటు అందిస్తారు. బ్యాటరీని పిరుదు పైభాగంలో చర్మం కింద పెడతారు. ఇందులో పెద్ద మేలు ఏంటంటే ముందే ట్రయల్ చూడొచ్చు. కొద్ది రోజుల పరీక్షలో సమస్య కనీసం సగం తగ్గితేనే శాశ్వతంగా అమర్చుతారు. రీచార్జ్ చేసుకునే రకాలు 15 ఏళ్ల వరకు పనిచేసేలా తయారవుతున్నాయి. ఇన్ఫెక్షన్, నొప్పి, వైరు పక్కకు జరగడం వంటి ఇబ్బందులు రావొచ్చు. ఎంఆర్ఐ తీసేముందు పరికరం ఉందని తప్పకుండా చెప్పాలి.

ముందు ఇవి చేయాలి

పరికరం అనేది చివరి మెట్టు. ఆహార మార్పులు, విరేచనాలను అదుపు చేసే మందులు, కటి కండరాల వ్యాయామాలతో చాలామందికి ఊరట దొరుకుతుంది. కండరం చిరిగి ఉంటే కుట్టి సరిచేయొచ్చు.

ముత్తుకూరు లాంటి తీర ప్రాంతాల వాళ్లు ముందుగా నెల్లూరులో సర్జన్‌ను కలవొచ్చు. రెండు వారాల పాటు ఎప్పుడు, ఎన్నిసార్లు అదుపు తప్పిందో రాసుకుని వెళ్తే డాక్టర్ పని సులువవుతుంది. పరికరం దాకా వస్తే చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్లకు వెళ్లాల్సి రావొచ్చు. సెట్టింగులు మార్చడానికి, బ్యాటరీ చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ తిరగాలి. అందుకే ఖర్చుతో పాటు ఎన్నిసార్లు రావాలి, పాడైతే ఎవరు చూస్తారు అన్నది ముందే అడగాలి.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి అదుపు తప్పి, కాళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.