అమ్మ పేరే ఇంటిపేరు

తాత పేరు, ఊరి పేరు ఇంటిపేర్లవడం మనకి తెలిసిందే. బానిసగా బతికిన అమ్మ పేరు లోకమంతా మోగిన ముచ్చట విన్నార్రా? ఇలా మంట దగ్గరికి జరగండి, చెబుతాను. మన యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ల దొరతనమే కదా, వాళ్ల కబుర్లు మా చెవిన పడుతూనే ఉండేవి.

ఫ్రాన్సు దక్షిణాన పొలాల మధ్య కట్టుకున్న కమతపు ఇంటిని మాస్ అంటారు. ఆ ఇంటివాళ్లు డ్యూమాలు. అందుకే మధ్య, దక్షిణ ఫ్రాన్సులో ఆ ఇంటిపేరువాళ్లు ఇప్పటికీ బోలెడుమంది. అందరూ ఒక్క వంశమేం కాదు, ఎవరి పొలం వాళ్లదే.

ఇహ సముద్రం అవతలి సంగతి. ఇప్పటి హైతీ అప్పట్లో ఫ్రెంచివాళ్ల సాన్ డొమాంగ్. ఎటు చూసినా చెరకు తోటలు, కాఫీ తోటలు, వాటిలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. నార్మండీ కులీనుల బిడ్డ ఆంటోయిన్ డావీ తమ్ముడి పంచన చేరదామని అక్కడికెళ్లాడు. తమ్ముడితో చెడింది. పేరు మార్చుకుని జెరెమీ వైపు మకాం పెట్టి, మారీ సెసెట్ అనే ఆవిణ్ణి కొన్నాడు. అవును, సంతలో గొడ్డుని కొన్నట్టే. వాళ్లకి 1762లో పుట్టినవాడు తోమా అలెగ్జాండర్.

దొరగారికి స్వదేశం మీద గాలి మళ్లింది, చేతిలో ఓడ కిరాయి లేదు. కన్నకొడుకుని తాకట్టు పెట్టాడు! నవ్వకండ్రా, నిజమే. మిగతా పిల్లల్ని ఏకంగా అమ్మేశాడు. తాకట్టు పెట్టిన వాణ్ణి మాత్రం విడిపించి 1776లో ఫ్రాన్సుకి రప్పించుకున్నాడు. ఇలాంటి తండ్రిని ఏమనాలో నాకైతే తోచదు.

కుర్రాడు ఆజానుబాహుడు, కత్తిసాములో దిట్ట. 1786లో రాణిగారి గుర్రపు పటాలంలో ఉత్త సిపాయిగా చేరబోయాడు. నా వంశం పేరు పెట్టుకుని అంత చిన్న కొలువా అని ముసలాయన అడ్డం పడ్డాడు. కుర్రాడు వాదించలేదు. పటాలం పట్టీలో అలెగ్జాండర్ డ్యూమా అని రాయించాడు. అది తల్లి పేరు. ఆవిడ ఇంటిపేరే అదా, తోటింటి మనిషని అలా పిలిచారా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

ఏడేళ్లు తిరిగేసరికి, 1793లో, ఆ సిపాయి జనరల్ అయ్యాడు. ఈజిప్టు దండయాత్రలో నెపోలియన్‌తో మాటపట్టింపు వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఇటలీలో పట్టుబడి రెండేళ్లు చెరలో మగ్గాడు. వచ్చాక ఒళ్లు కోలుకోనేలేదు, పింఛనూ దక్కలేదు. 1806లో పోయాడు. అప్పటికి కొడుక్కి నాలుగేళ్లు నిండలేదు. ఆ కొడుకే మన మూడు మస్కిటీర్ల కథ రాసిన డ్యూమా. ఆయనే రాసిన మాంటెక్రిస్టో నవలలో ఖైదీ పడే యాతన ఊరికే రాలేదర్రా!

ఇహ ఆ అమ్మ బతికిన హైతీ సంగతికొస్తే, అక్కడ ఫ్రెంచివాళ్లు 1773లోనే ఒక శాసనం తెచ్చారు. విముక్తి పొందిన రంగుజాతి జనం తెల్లవాళ్ల ఇంటిపేర్లు పెట్టుకోకూడదట! 1804లో స్వతంత్రం వచ్చింది, దొరతనం పోయింది. ఈనాడు అక్కడ జాన్, పియెర్, జోసెఫ్, లూయీ లాంటి ఒంటిపేర్లే ఇంటిపేర్లుగా కోకొల్లలు. మయామీ, మాంట్రియల్ వలస వెళ్లినవాళ్లూ అవే మోసుకెళ్లారు. అక్కడ ఇద్దరు పియెర్‌లు ఎదురుపడితే చుట్టరికం కలుపుకోవాల్సిన పనేం లేదు.