మన పింఛను డబ్బు ఏ కొండ మీదికి పోతోంది?

పోస్టు కొంచెం పొడుగే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఉద్యోగాల్లో చేరిన మన సీనియర్లు చదవాలి.

మేము ఎ.కొండూరు మండలం తండాల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నవాళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మా ఇళ్లలో పింఛను అంటే ఒకటో తారీఖున ముసలివాళ్ల చేతికి వచ్చే డబ్బే. జీతంలోంచి కోసి ముప్పై ఏళ్ల తర్వాతి కోసం దాచే పింఛను మాకు కొత్త మాట. కానీ 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక, మన హాస్టళ్లలో చదివిన అన్నలూ అక్కలూ కొందరు ఆ ఉద్యోగాల్లో చేరారు. ఇంకొందరు టీచర్లయ్యారు, కానిస్టేబుళ్లయ్యారు. వాళ్ల పే స్లిప్పులో సీపీఎస్ అని ఒక కోత ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది, అక్కడ ఏం పని చేస్తుంది అన్నదే ఈ పోస్టు.

ముందు ఈ కోత ఎప్పుడు వచ్చిందో చూద్దాం. పాత పద్ధతిలో రిటైరైన ఉద్యోగికి ప్రభుత్వమే ఖజానా నుంచి పింఛను ఇచ్చేది. కేంద్రంలో 2004 జనవరి 1 తర్వాత, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు ఆ పద్ధతి పోయింది. ఉద్యోగి జీతంలో 10 శాతం కోసి, ప్రభుత్వం తన వాటా కలిపి, ఆ మొత్తాన్ని పింఛను ఫండ్లకు అప్పగించడం మొదలైంది. ప్రభుత్వ ఉద్యోగుల డబ్బును ఎక్కువగా ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐల ఫండ్లు చూస్తూ వచ్చాయి. అవి ఆ డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలో, కంపెనీల బాండ్లలో పెడతాయి, కొంత షేర్లలో పెడతాయి. చాలా ఏళ్లు షేర్ల పరిమితి 15 శాతం ఉండేది. ప్రైవేటులో, కాంట్రాక్టులో పనిచేసేవాళ్ల పీఎఫ్ డబ్బు కూడా 2015 ఆగస్టు నుంచి కొంత షేర్ మార్కెట్‌కి పోతోంది.

సీపీఎస్ వద్దు, పాత పింఛనే కావాలని ఉద్యోగులు చేస్తున్న పోరాటం మనకు తెలిసిందే. అది న్యాయమైన పోరాటం, దాని దారి దానిది. కానీ ఆ కొట్లాటలో ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. షేరు కొన్నామంటే ఆ కంపెనీలో పిసరంత వాటా మనది. ఆ కంపెనీ ఇంకో ఆదివాసీ కొండను తవ్వుతుంటే, ఆ గునపంలో మన జీతం కూడా ఉన్నట్టే కదా?

ఇది మేము గాలిలోంచి తీసిన ప్రశ్న కాదు. మన పక్కనే ఉన్న నియమగిరి విషయంలో ఈ ప్రశ్న ప్రపంచం మొత్తం మీద లేచింది.

నియమగిరి ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో ఉంది. మన శ్రీకాకుళం పొలాలకు నీళ్లిచ్చే వంశధార పుట్టేది ఆ కొండల దగ్గరే. అక్కడ ఉండే డోంగ్రియా కోందులకు ఆ కొండ నియమరాజు ఇల్లు. కొండ నెత్తిన బాక్సైట్ ఉంది. లండన్‌లో నమోదైన వేదాంత రిసోర్సెస్ కంపెనీ కొండ కిందే, లాంజిగఢ్‌లో, అల్యూమినా కర్మాగారం కట్టి పైన తవ్వకాలకు సిద్ధమైంది.

అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో నార్వే అనే చిన్న దేశం ఉంది. సముద్రంలో దొరికిన చమురు ఆదాయాన్ని రాబోయే తరాల కోసం దాస్తూ వచ్చింది. ఆ నిధికి పింఛను నిధి అనే పేరు. అది ఉద్యోగుల జీతాల్లో కోసింది కాదు, దేశం మొత్తానిది. 2004లో ఆ దేశం ఒక నియమం పెట్టుకుంది: మనుషుల హక్కుల్ని, నేలనీ నీళ్లనీ తీవ్రంగా దెబ్బతీసే కంపెనీల్లో మన డబ్బు ఉండకూడదు. దాన్ని చూడటానికి ఒక నైతిక మండలిని వేసింది. ఆ మండలి వేదాంత కంపెనీలు మన దేశంలో చేస్తున్న పనుల్ని పరిశీలించింది. తూత్తుకుడి, మెట్టూరు, కోర్బాతో పాటు లాంజిగఢ్‌ని కూడా చూసి, పర్యావరణానికి తీవ్ర నష్టం, మానవ హక్కుల ఉల్లంఘన జరుగుతున్నాయని తేల్చింది. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. అయినా 2007 నవంబరులో నార్వే వేదాంతను తన జాబితా నుంచి తీసేసినట్టు ప్రకటించింది.

2010 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ చర్చి కూడా వేదాంతలో ఉన్న తన షేర్లు అమ్మేసింది. అందులో పాస్టర్ల పింఛను బోర్డు షేర్లు కూడా ఉన్నాయి. అదే ఏడు జూలైలో నెదర్లాండ్స్‌లో ఆరోగ్య, సంక్షేమ రంగాల్లో పనిచేసేవాళ్ల పింఛను డబ్బు చూసే పీజీజీఎం సంస్థ కూడా బయటికి వచ్చేసింది. డోంగ్రియా కోందుల్ని ఎన్నడూ చూడని నర్సుల పింఛను డబ్బు, వాళ్ల కొండ కోసం ఒక కంపెనీని వదిలేసింది. దీనికి ముందు దారి కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను అణిచే వర్ణవివక్ష నడుస్తున్నప్పుడు, 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. అక్కడ వ్యాపారం చేసే కంపెనీల నుంచి తన పింఛను నిధుల్ని వెనక్కి తీసుకోవాలన్నది ఆ చట్టం.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నియమగిరిని కాపాడింది పింఛను ఫండ్లు కాదు. ఒకరు అమ్మిన షేరును ఇంకొకరు కొంటారు, కంపెనీ నడుస్తూనే ఉంటుంది. కొండను కాపాడింది అక్కడి జనం. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తేల్చాల్సింది గ్రామసభలే అంది. ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. బయటి ఫండ్లు చేసిందల్లా, ఈ కొట్లాట ఒక మారుమూల కొండది కాదని ప్రపంచానికి తెలిసేలా చేయడం. అది చిన్న పని కాదు, కానీ అదే మొత్తం పనీ కాదు.

మన రాష్ట్రంలోనూ ఇదే కథ ఉంది. 1997 జూలై 11న సమత కేసు తీర్పు వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా దగ్గరి ఆదివాసీ ఊళ్ల గనుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా మన్యం బాక్సైట్ మీద కన్ను పోలేదు. 2015 నవంబరులో జెర్రెల బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది. మన్యం జనం లేచి నిలబడ్డారు. 2019లో దాన్ని రద్దు చేశారు.

ఎ.కొండూరు వాళ్లకు ఇదంతా ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. మాది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, మా దగ్గర బాక్సైట్ లేదు. కానీ తాగే నీళ్లంటే భయం ఏంటో మాకు తెలుసు. కిడ్నీ జబ్బుతో మా తండాల్లో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో పేపర్లు చదివే అందరికీ తెలుసు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనం, రేపు జీతం తీసుకునేటప్పుడు ఇంకొకళ్ల వాగు పాడైతే మనకేంటి అనలేం.

మన అమ్మల పొదుపు సంఘాల్ని చూడండి. నెలనెలా కట్టిన డబ్బు ఎవరికి అప్పిస్తున్నారో, దేనికి ఇస్తున్నారో అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరికిచ్చారో రిజిస్టర్‌లో రాసుంటుంది. పది మంది ఆడవాళ్లు వందల రూపాయలకు అడిగే లెక్కను, లక్షల మంది ఉద్యోగులు కోట్ల రూపాయలకు అడగకపోవడమే వింత.

ఉద్యోగం చేసే సీనియర్లకు మా మనవి ఇంతే. రాబడి ఎంత వచ్చిందని ఒక్కటే చూసి వదిలేయకండి. పింఛను ఫండ్లు ఏ కంపెనీల్లో పెట్టుబడి పెట్టాయో తమ వెబ్‌సైట్లలో జాబితా పెడతాయి. ఒకసారి తెరిచి, అందులో గనుల కంపెనీలు ఎన్ని ఉన్నాయో, అవి ఎవరి కొండల మీద ఉన్నాయో చూడండి. మీ ఉద్యోగ సంఘం మీటింగులో జీతం, డీఏ, పాత పింఛనుతో పాటు ఈ ప్రశ్న కూడా పెట్టండి: ఆదివాసీ గ్రామసభ వద్దన్న చోట తవ్వే కంపెనీలో మా డబ్బు పెట్టొద్దని ఫండ్లకు రాయగలమా? నార్వే ఒక నియమం రాసుకుని ఆ పని చేసింది. అలాంటి నియమం ఇక్కడా అడగొచ్చు.

పాత పింఛను ఉన్న తరానికి ఈ ప్రశ్నే లేదు, వాళ్లది ఖజానా నుంచి వచ్చింది. మన దాంట్లో కొంత మార్కెట్ నుంచి వస్తుంది. మన ఇళ్లలో మొదటి జీతాలు తీసుకునే తరం, ఆ జీతం ఎక్కడ పనిచేస్తుందో అడగాల్సిన తరం, రెండూ మనమే అయ్యాం. మీ ఆఫీసుల్లో దీని మీద ఏమనుకుంటున్నారో కింద రాయండి, మాట్లాడుకుందాం.