షికాగో మరుగుదొడ్డి, రోటరీ క్లబ్బు, మన సెలవు రోజు

ఎపిసోడ్‌లో టైము చాలక సగంలో ఆపిన ముచ్చటను ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

మన ఊళ్ల బస్టాండు దగ్గర ఎండాకాలం చలివేంద్రం పెడతారు. పైన బ్యానర్ మీద లయన్స్ క్లబ్ అని ఉంటుంది. సర్కారు బడిలో బెంచీల మీద రోటరీ క్లబ్ అని పెయింటుతో రాసి ఉంటుంది. కంటి ఆపరేషన్ల శిబిరం, రక్తదానం, పోలియో చుక్కల ఆదివారం, ఎక్కడ చూసినా ఈ రెండు పేర్లు కనబడేవి. మా నాయనకు వాటి గురించి తెలిసింది ఒక్కటే: "అది పెద్దోళ్ల క్లబ్బు రా, డాక్టర్లు, వకీళ్లు, రైస్ మిల్లు సేట్లు ఉంటరు." మాట తప్పు కాదు. కానీ ఈ క్లబ్బులు పుట్టిన తీరు చూస్తే, దాంట్లో మనలాంటి పరాయి ఊరోడి బాధ ఉంది.

పాల్ హారిస్ అనే ఆయన 1868లో అమెరికాలో పుట్టాడు. తాత, నాయనమ్మల దగ్గర వెర్మాంట్ రాష్ట్రంలో వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1891లో లా చదువు అయిపోయింది. వెంటనే కోర్టుకు పోలేదు. అయిదేళ్లు దేశం మీద పడి తిరిగాడు. పేపరు విలేఖరిగా చేశాడు, పండ్ల తోటల్లో పని చేశాడు, హోటల్లో రాత్రి డ్యూటీ గుమస్తాగా ఉన్నాడు, పాలరాయి అమ్మాడు, పశువులను ఎక్కించుకుపోయే ఓడలో పనికి కుదిరి ఇంగ్లండు దాకా పోయాడు. 1896లో షికాగో చేరి వకీలుగా బోర్డు పెట్టాడు.

అప్పటి షికాగో మన దుబాయి లాంటిదే. 1871లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊళ్లో చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. ఉక్కు ఫ్రేము మీద పది అంతస్తుల బిల్డింగ్ అక్కడే 1885లో లేచింది. ఇవాళ మనం షట్టరింగ్ కొట్టి స్లాబులు వేస్తున్న టవర్లకు అది తాత అనుకోండి. 1900 నాటికి జనాభా దాదాపు 17 లక్షలు. అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లే. హారిస్‌కు కేసులు దొరికాయి, పైసలు వచ్చాయి, మాట్లాడే మనిషి మాత్రం దొరకలేదు. ఆదివారాలు, పండగలు గడవడం చాలా కష్టంగా ఉండేదని తర్వాత తనే రాసుకున్నాడు. సెలవు రోజు రూములో పడుకుని పైకప్పు చూసినోళ్లకు ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు.

1905 ఫిబ్రవరి 23 రాత్రి నలుగురు ఒక ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఆ గది గుస్టావస్ లోయర్ అనే గనుల ఇంజినీరుది. మిగతా ముగ్గురు వకీలు హారిస్, బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్, దర్జీ పని వ్యాపారం చేసే హైరం షోరీ. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలుద్దాం అనుకున్నారు. అట్లా చక్రం తిరిగినట్టు తిరుగుతారు కాబట్టి రోటరీ అని పేరు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరే సభ్యుడు ఉండాలన్నది ఇంకో నియమం. త్వరలోనే హ్యారీ రగుల్స్ అనే ప్రింటింగ్ ప్రెస్ ఆయన చేరాడు. మీటింగు చప్పగా అయితే పాట ఎత్తుకుని అందరిచేత పాడించేవాడు.

మొదట్లో సేవ లేదు, గీవ లేదు. స్నేహం, దాంతోపాటు వ్యాపారం. నీ బొగ్గు నేను కొంటా, నా కోటు నువ్వు కుట్టించుకో అన్నట్టు. మొదట్లో ప్రతివారం కూడా కలవలేదు. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ క్లబ్బు వారం వారం భోజనానికి కలవడం మొదలుపెట్టాక అదే అన్ని క్లబ్బులకు అలవాటయింది. వరసగా నాలుగు మీటింగులు ఎగ్గొడితే సభ్యత్వం పోయేది. వేరే ఊరికి పోతే ఆ ఊరి క్లబ్బు మీటింగుకు హాజరై లెక్క సరిచేసుకోవచ్చు. చూడటానికి బడి హాజరు పట్టీలాగా ఉంటుంది గానీ, బండి నడిచింది దాని మీదే. ఇష్టం ఉన్నప్పుడు వస్తా అంటే ఏ సంఘమైనా మూడు నెలల్లో పడుకుంటుంది.

ఇప్పుడు అసలు కథ. 1907లో ఈ క్లబ్బు ఊరి కోసం చేపట్టిన మొదటి పని ఏంటో తెలుసా? పబ్లిక్ మరుగుదొడ్డి. గుడి కాదు, విగ్రహం కాదు.

షికాగో నడిబొడ్డుకు రోజూ వేలమంది వచ్చేవాళ్లు. అవసరం పడితే పోవడానికి చోటు లేదు. మగవాళ్లు సారా దుకాణంలోకి పోవాలి, పోతే మొహమాటానికైనా ఒక బీరు కొనాలి. ఆడవాళ్లు పెద్ద బట్టల షాపుల్లోకి పోవాలి, ఏమీ కొనకుండా బయటికి రావడం నామోషీ. అందుకే క్లబ్బు ఈ సంగతి ఎత్తగానే అడ్డం పడ్డది కూడా ఆ రెండు వర్గాలే. మా దుకాణాల్లో దొడ్లు ఉన్నాయి కదా, మళ్లీ ఊరి పైసలతో ఎందుకని బీరు కంపెనీల సంఘం వాదించింది. షాపులవాళ్లదీ అదే మాట. జనం అవసరమే వాళ్లకు గిరాకీ.

క్లబ్బు వాళ్లు ఏం చేశారన్నది జాగ్రత్తగా చూడాలి. వాళ్లు చందాలు వేసుకుని ఇటుకలు కొనలేదు. ఊళ్లోని వేరే సంఘాలను పిలిచి ఒక కమిటీగా కూర్చోబెట్టారు. నగరపాలక అధికారుల దగ్గరికి కలిసి పోయారు. ఒకసారి కాదు, దాదాపు రెండేళ్లు తిరిగారు. చివరికి 1909లో సిటీ హాలు దగ్గర మరుగుదొడ్డి తెరుచుకుంది. ఎవరి బాధ్యతో వాళ్లచేతే చేయించారు.

నేను సైట్లో సూపర్‌వైజర్‌ని. మొబిలైజేషన్ ప్లాన్‌లో క్రేన్ ఎక్కడ, బ్యాచింగ్ ప్లాంట్ ఎక్కడ అని ముందు గీస్తారు, దొడ్లు మిగిలిన మూలలో గీస్తారు. ఇరవయ్యో అంతస్తులో స్టీల్ కట్టే తమ్ముడు కిందికి దిగి రావాలంటే హోయిస్టు కోసం నిలబడాలి. అందుకని నీళ్లు తాగడమే తగ్గిస్తాడు. ఎండలో నీళ్లు తగ్గిస్తే ఒళ్లు ఏమవుతుందో మనందరికీ తెలుసు. కాబట్టి ఆ షికాగో వాళ్లు చిన్న పని చేశారని నేను అనుకోను.

లయన్స్ కథ కూడా అదే ఊళ్లో మొదలైంది. మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి 1917లో వ్యాపారుల సంఘాలను కలిపి, మన లాభమే చూసుకుంటే ఎట్లా అని అడిగాడు. 1925లో ఒహాయోలో వాళ్ల మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చింది. చూపు, వినికిడి రెండూ లేని ఆమె, అంధుల పక్షాన నిలబడమని వాళ్లను అడిగింది. మన ఊరి కంటి శిబిరాల దాకా వచ్చిన దారి అదే. 1930లో ఇల్లినాయి రాష్ట్రం పియోరియాలో ఒక లయన్, చూపులేని మనిషి నల్ల కర్ర పట్టుకుని రోడ్డు దాటలేక ఇబ్బంది పడటం చూశాడు. బండి నడిపేవాళ్లకు ఆ కర్ర కనబడట్లేదు. దానికి తెల్ల రంగు వేసి ఎర్ర పట్టీ పెడదామన్నాడు. ఖర్చు ఒక పెయింటు డబ్బా, అంతే.

వారం వారం కూర్చునే అలవాటు ఎంత దూరం పోతుందో పోలియో చెబుతుంది. రోటరీ వాళ్లు 1979లో ఫిలిప్పీన్స్ పిల్లలకు చుక్కలు వేయడంతో మొదలుపెట్టి, 1985లో ప్రపంచమంతటికీ పని పెట్టుకున్నారు. ప్రభుత్వాలు, ఆరోగ్య సిబ్బంది, వలంటీర్లు కలిసి నడిచారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చి 27న మనకు పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది.

మంచి చెప్పి చెడు దాచడం చరిత్ర కాదు. ఆ క్లబ్బుల్లో కూలివాడికి కుర్చీ లేదు. వృత్తికి ఒక్కరు అంటే యజమానే తప్ప తాపీ మేస్త్రీ కాదు. ఆడవాళ్లకు తలుపు తెరవడానికి 1987లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బు 1920 ప్రాంతంలో కలకత్తాలో పెడితే, అందులో ఎక్కువమంది తెల్లవాళ్లే.

అయితే కూలికి పోయినోళ్లు ఊరుకోలేదు. 1860 నుంచి చెరకు తోటలకు ఒప్పందం మీద దక్షిణాఫ్రికా పోయిన తెలుగువాళ్ల పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మలయాలో రబ్బరు తోటల తెలుగువాళ్లకు 1955లో సంఘం వచ్చింది. భాష నిలబెట్టుకుందాం, పిల్లలకు అక్షరాలు నేర్పుకుందాం అన్నది వాళ్ల పట్టుదల. కూర్చోవడానికి సేటు అక్కర్లేదని వాళ్లు చూపించారు.

మరి క్యాంపులో మనమేం చేయగలం? ముందుగా ఒక హెచ్చరిక. యూఏఈలో లైసెన్సు లేని మనుషులు చందాలు వసూలు చేయడం నేరం. మంచి పనికోసమైనా, వాట్సాప్‌లో అడిగినా అంతే. జైలు, లక్షల దిర్హాముల జరిమానా దాకా పోతుంది. కాబట్టి డబ్బా పట్టుకోవద్దు. షికాగో కథ ఇక్కడే మనకు పనికొస్తుంది. వాళ్ల బలం పైసల్లో కాదు, హాజరులోనూ అడగడంలోనూ ఉంది.

మా క్యాంపులో సెలవు రోజు సాయంత్రం గంటసేపు కూర్చుంటాం. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, డ్రైవర్, వంటమనిషి, ఇంగ్లీషు చదవగలిగే ఒక తమ్ముడు, ఇట్లా పనికొకరు. ఆ రోజు పని కాగితాలే. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షల రూపాయలు. కానీ పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో తెలియకపోతే ఆ పైసలు అడిగేదెవరు? ఫోటో తీసి భార్యకో అమ్మకో పంపిస్తాం. ఉద్యోగం పోతే వచ్చే బీమా ఇక్కడ 2023 నుంచి ఉంది. మూల జీతం 16 వేల దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాములే. అది కట్టారా లేదా అని చూస్తాం. మాకు తెలియని గొడవ అయితే దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342కు పక్కన కూర్చుని ఫోన్ చేయిస్తాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలన్న రూలు కొత్తగా వచ్చినోళ్లకు చెబుతాం.

దీనికి బ్యానర్ లేదు, ప్రెసిడెంటు లేడు. ఎవరన్నా రెండు వారాలు రాకపోతే రూముకు పోయి పలకరిస్తాం. ఒంట్లో బాగాలేదా, మనసు బాగాలేదా తెలిసేది అప్పుడే. నాకైతే ఇన్నేళ్లలో అన్నిటికంటే పనికొచ్చింది ఆ పలకరింపే.

మీ క్యాంపులో ఇట్లా ఏదన్నా నడుస్తుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. నడవకపోతే, వచ్చే సెలవుకు నలుగురిని పిలిచి చాయ్ పెట్టండి. ఎజెండా తర్వాత చూసుకోవచ్చు.