సరుకు నమ్మకమున్న రేవుకే వస్తుంది

కొండగట్టు అంజన్న గుట్ట కింది ముత్యంపేట నుంచి జగిత్యాల దాకా, దుబాయ్ పోయిన మనిషి లేని వాడ అరుదు. అయినా దుబాయ్ అనగానే మనవాళ్ళు చమురు డబ్బు అంటారు. ఏళ్ళుగా దుబాయ్‌లోనే బతుకుతూ నేను తెలుసుకున్నది వేరు. ఈ ఊరిని ముందుగా నిలబెట్టింది వ్యాపారం. ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది పాలనలోని నిలకడ.

దుబాయ్‌లో చమురు బయటపడింది 1966లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, 1900ల మొదట్లో, ఎదుటి ఒడ్డున ఇరాన్‌లోని లింగే రేవులో సుంకాలు పెరిగాయి. ఆ అదను చూసి దుబాయ్ పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ తన రేవులో సుంకం ఎత్తేశాడు. లింగే వ్యాపారులు ఇటు దాటి స్థిరపడ్డారు. తర్వాత ముత్యాల వ్యాపారం కుప్పకూలినా రేవు మూతపడలేదు. తర్వాతి కాలపు పాలకుడు షేక్ రషీద్ అప్పు తెచ్చి మరీ, పడవలు వచ్చి ఆగే సముద్రపు పాయ క్రీక్‌లో పూడిక తీయించాడు. 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో అక్కడే ఫ్రీ జోన్ వచ్చాయి.

దీని పక్కన యెమెన్‌లోని ఏడెన్‌ను పెట్టి చూడండి. 1950లలో అది ప్రపంచంలోనే బాగా రద్దీ ఉన్న రేవుల్లో ఒకటి. 1967లో సూయజ్ కాలువ మూతపడింది. అదే ఏడాది తుపాకుల మోత మధ్య బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయారు. కొత్త ప్రభుత్వం వ్యాపార సంస్థలను జాతీయం చేసింది. 1986లో పాలక పార్టీ వర్గాలే ఒకరినొకరు కాల్చుకున్నాయి. 1975లో కాలువ తెరుచుకున్నా ఏడెన్‌కు పాత రద్దీ తిరిగి రాలేదు. బ్రిటిష్‌వాళ్ళు 1971లో దుబాయ్ నుంచీ వెళ్ళారు. కానీ ఇక్కడి ఎమిరేట్ల పాలకులు మాట్లాడుకుని ఒక్కటయ్యారు. ఓడలు ఆగలేదు.

డేరా వైపు క్రీక్ ఒడ్డుకు వస్తే ఆ నిలకడ వ్యాపారికి ఇచ్చిన నమ్మకం కంటికి కనిపిస్తుంది. ఇరాన్‌కు, సోమాలియాకు పోయే చెక్క పడవల ముందు ఫ్రిజ్‌లు, టైర్లు, అట్టపెట్టెలు ఆరుబయటే గుట్టలుగా ఉంటాయి.

అయితే సరుకుకు దొరికిన ఈ భద్రత కూలీకి అంత తేలిగ్గా దొరకలేదు. వీసా యజమాని చేతిలో ఉన్నంతకాలం మనవాళ్ళ బతుకు నిలకడ లేనిదే. ఆ మాట దాచి దుబాయ్‌ను పొగడడం న్యాయం కాదు.

తుపాకులు మోగకపోతే చాలు, నిలకడ ఉన్నట్టే అనుకోవద్దు. ఇవాళ్టి నియమం రేపూ ఉండాలి. 2023 జులైలో మన దేశం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని ఉన్నట్టుండి నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. ఈలోపు వేరే దేశపు బియ్యానికి అలవాటుపడ్డ కొనుగోలుదారు మన కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. జగిత్యాల రైతు వడ్లకు విదేశీ గిరాకీ కావాలంటే, పంట వేసేనాటి నియమం కోత అయ్యేదాకా మారదన్న హామీ ప్రభుత్వం ఇవ్వాలి.