ప్రోటియస్ ప్రభావం

వర్చువల్ రియాలిటీలోనో ఆన్‌లైన్ ఆటలోనో మనిషి ధరించిన అవతార్ రూపం, ఆ రూపానికి తగ్గట్టుగా అతని నడతను మార్చడాన్ని ప్రోటియస్ ప్రభావం అంటారు. అందమైన ముఖం దొరికినవారు ఎదుటివారికి మరింత చేరువగా వెళ్లడం, పొడుగాటి అవతార్ దొరికినవారు బేరంలో పట్టుబట్టడం దీనికి తరచూ చూపే ఉదాహరణలు. కోరిన రూపం దాల్చగల గ్రీకు సముద్రదేవత పేరును దీనికి పెట్టినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్. 2007లో ‘హ్యూమన్ కమ్యూనికేషన్ రిసర్చ్’ పత్రికలో వెలువడిన వారి వ్యాసాన్నే ఈ అంశానికి మూలంగా పరిగణిస్తారు.

పూర్వరంగం

తలకు తగిలించుకునే కంప్యూటర్ తెరను ఐవన్ సదర్లాండ్ 1968లో వివరించారు. ‘వర్చువల్ రియాలిటీ’ అనే మాటను జనంలోకి తెచ్చిన ఘనత సాధారణంగా జారన్ లేనియర్‌కు దక్కుతోంది. ఆయన వీపీఎల్ రిసర్చ్ సంస్థ ఆరంభాన్ని కొందరు 1984గా, మరికొందరు 1985గా చూపుతారు. మనిషికి లేని అవయవాలున్న లాబ్‌స్టర్ వంటి దేహాన్ని ఇచ్చినా వాడేవారు త్వరగానే దాన్ని ఆడించడం నేర్చుకునేవారని లేనియర్ తర్వాతి కాలంలో చెప్పారు. అవతార్ల చరిత్ర రాసేవారు దీన్ని తప్పక ప్రస్తావిస్తారు గానీ, ఇది జ్ఞాపకంగా చెప్పిన సంగతే తప్ప కొలిచి తేల్చిన ఫలితం కాదు.

కొలిచే పని ప్రధానంగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖలో ఊపందుకుంది. అక్కడ జిమ్ బ్లాస్కోవిచ్, జాక్ లూమిస్, ఆండ్రూ బియల్ వర్చువల్ రియాలిటీని మనస్తత్వశాస్త్రానికి పరిశోధన సాధనంగా వాడవచ్చని 1999లో ప్రతిపాదించారు. బెయిలెన్సన్ తొలుత వీరితో కలిసి పనిచేశారు. కంప్యూటర్ బొమ్మ మనిషి ఎదురైనప్పుడు కూడా జనం దాని చుట్టూ కొంత జాగా వదులుతారనీ, వీపు వైపు కన్నా ముఖం వైపు ఎక్కువ దూరం పాటిస్తారనీ ఆ బృందం చూపింది. 2003లో బెయిలెన్సన్ స్టాన్‌ఫర్డ్‌లో వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్ నెలకొల్పారు. ప్రోటియస్ ప్రయోగాలు అక్కడివే.

2007 నాటి ప్రయోగాలు

మొదటి ప్రయోగంలో 32 మంది విద్యార్థులు పాల్గొన్నారు. హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రతివారికీ తమ లింగానికే చెందిన ఒక ముఖం ఇచ్చారు. కొందరికి అందమైనది, కొందరికి అందం తక్కువైనది. ఏది ఎవరికన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ముందుగా వర్చువల్ గదిలోని అద్దంలో తమ కొత్త ముఖాన్ని కాసేపు చూసుకోనిచ్చారు. తర్వాత అదే గదిలో మరో వ్యక్తి ఎదురయ్యాడు. అతను పరిశోధకుల తరఫు మనిషి. దగ్గరకు రమ్మనీ, తమ గురించి చెప్పమనీ అడగడమే అతని పని. అందమైన ముఖం ఉన్నవారు సగటున మీటరు దూరంలోకి వచ్చారు. తక్కినవారు సుమారు 1.7 మీటర్ల దూరాన ఆగిపోయారు. తమ గురించి ఎక్కువ సంగతులు చెప్పుకున్నవారు కూడా మొదటివారే.

ఈ ఏర్పాటులో ఒక జాగ్రత్త తీసుకున్నారు. పాల్గొన్నవారికి దొరికిన ముఖం పరిశోధకుల తరఫు మనిషికి కనిపించదు. అతని తెర మీద అందరిదీ ఒకే తీరు ముఖం. అందమైనవారితో ఎదుటివారు మెత్తగా మాట్లాడతారు, ఆ మర్యాదే వారికి ధైర్యం ఇస్తుంది అన్న పాత వివరణకు ఇక్కడ చోటు లేదు. మార్పుకు కారణం చూసేవారి కంట్లో కాక, ధరించినవారి మనసులోనే వెతకాలి.

రెండో ప్రయోగంలో 50 మంది పాల్గొన్నారు. ఇందులో మార్చినది ఎత్తు. ఎదుటివారి కన్నా 10 సెంటీమీటర్లు పొడుగు, అంతే పొట్టి, లేదా సమానం. ఇక్కడా అవతలి మనిషికి అందరూ సమానమైన ఎత్తులోనే కనిపిస్తారు. ఊహాత్మకంగా 100 డాలర్లను ఇద్దరూ పంచుకునే ఆట ఆడించారు. ఒకరు వాటా చెబుతారు, రెండోవారు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. అవతలివారికి 75, తమకు 25 అనే వాటా వచ్చినప్పుడు దానికి తలూపినవారు, తక్కిన రెండు వర్గాలతో పోలిస్తే పొట్టి అవతార్ల వర్గంలో దాదాపు రెట్టింపు. యీ, బెయిలెన్సన్, నికొలస్ డుషెనో కలిసి 2009లో ప్రచురించిన మరో వ్యాసం, హెడ్‌సెట్ తీసి ముఖాముఖి కూర్చున్నాక కూడా ఈ తేడా కొంత మిగిలిందని పేర్కొంది. ఎంతకాలం మిగులుతుందన్నది ఆ ప్రయోగం పరిధిలోకి రాదు.

వివరణలు

కారణం విషయంలో రెండు వాదాలున్నాయి. యీ, బెయిలెన్సన్ ఆశ్రయించినది డారిల్ బెమ్ స్వీయగ్రహణ సిద్ధాంతాన్ని. మనిషి తనను తాను బయటివాడిలా చూసుకొని, ‘ఇలా ఉన్నవాడు ఇలా నడుచుకుంటాడు’ అని అంచనా కట్టి అలాగే నడుస్తాడని దాని సారం. హోర్హే పేన్యా, జెఫ్రీ హాంకాక్, నికొలస్ మెరోలా 2009లో దీనికి భిన్నంగా ప్రైమింగ్ వాదం ముందుకు తెచ్చారు. వారి ప్రయోగంలో నల్లని అంగీలు తొడిగిన అవతార్లు దొరికిన బృందాల్లో దూకుడు ఆలోచనలు పెరిగాయి, ఐకమత్యం తగ్గింది. నలుపుతో ముడిపడిన భావాలు మనసులో మెదలడమే ఇందుకు చాలునని, ఆత్మపరిశీలన దాకా పోనక్కరలేదని వారి వాదన.

అదే ఏడు యీ, బెయిలెన్సన్ ఒక రూపాన్ని కేవలం చూడటానికీ, దాన్ని తామే ధరించడానికీ ఉన్న తేడాను పరీక్షించారు. ధరించినవారిలోనే ప్రభావం బలంగా కనిపించింది. ప్రైమింగ్ ఒక్కటే కారణమైతే ఈ తేడా ఇంతగా ఉండకూడదు. బార్సెలోనాలో మెల్ స్లేటర్ బృందం చేసిన పని కూడా ఇటువైపే మొగ్గుతుంది. డొమ్నా బనాకు, రాఫేలా గ్రోటెన్, స్లేటర్ 2013లో పెద్దలకు నాలుగేళ్ల పిల్లవాడి దేహాన్ని ఇచ్చి, మరోసారి అదే ఎత్తుకు కుదించిన పెద్దవాడి దేహాన్ని ఇచ్చి పోల్చారు. రెండు సందర్భాల్లోనూ వస్తువులు ఉన్నదానికన్నా పెద్దవిగా తోచినా, పిల్లవాడి దేహంలో ఆ పొరపాటు ఎక్కువైంది. ఎత్తు ఒకటే కాబట్టి తేడా తెచ్చినది దేహం రకమే. ఆ దేహం తమదే అన్న భ్రమ చెడగొట్టినప్పుడు ఈ తేడా మాయమైంది. అయితే స్లేటర్ బృందం తమ ఫలితాలను ప్రోటియస్ పేరుతో కన్నా ‘దేహ స్వామ్య భ్రమ’ కిందే చర్చిస్తుంది. రెండు సంప్రదాయాలూ ఒకటేనా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు.

జాతి వివక్షపై భిన్న ఫలితాలు

ఈ రంగంలో పరస్పర విరుద్ధమైన ఫలితాలు ఎక్కువగా చర్చకు వచ్చినది ఇక్కడే. విక్టోరియా గ్రూమ్, బెయిలెన్సన్, క్లిఫర్డ్ నాస్ 2009లో ఉద్యోగ ఇంటర్వ్యూ సన్నివేశంలో నల్లజాతి అవతార్లు ఇచ్చి చూశారు. వాటిని ధరించినవారిలో తెల్లవారి పట్ల అంతర్గత మొగ్గు తగ్గకపోగా పెరిగింది. తబితా పెక్, స్లేటర్ తదితరులు 2013లో నల్లని చర్మం గల దేహాన్ని ఇచ్చినప్పుడు ఆ మొగ్గు తగ్గిందని ప్రకటించారు. పోలిక కోసం వారు ఊదారంగు దేహాన్ని కూడా వాడారు.

మొదట్లో ఈ తేడాను సాంకేతికతకు ఆపాదించారు. రెండో ప్రయోగంలో దేహం మొత్తం ధరించినవారితో పాటే కదిలేది. బనాకు బృందం 2020లో ప్రచురించిన పరిశోధన మరింత నమ్మదగిన దారి చూపుతోంది. నల్లని దేహం ధరించినవారికి చుట్టూ ఉన్న జనం నుంచి ప్రతికూల వైఖరి ఎదురైన సందర్భంలో, వివక్ష తగ్గడం అటుంచి, ఆ దేహం తమదన్న భావనే సన్నగిల్లింది. ఇంటర్వ్యూ కూడా మనిషిని ఇరుకున పెట్టే సందర్భమే. అందువల్ల 2009, 2013 ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టివేస్తాయనడం కన్నా, సందర్భాన్ని బట్టి మారతాయనడం సమంజసం.

వినియోగం

హాల్ హెర్ష్‌ఫీల్డ్ తదితరులు 2011లో యువకులకు వర్చువల్ అద్దంలో వారి ముసలి ముఖాన్నే చూపించారు. చేతికి 1000 డాలర్లు వస్తే ఏం చేస్తారని అడిగినప్పుడు, ఆ ముఖం చూసినవారు పదవీ విరమణ పొదుపుకు కేటాయించిన మొత్తం ఇతరులు కేటాయించినదానికి రెట్టింపు దాటింది. జెస్సీ ఫాక్స్, బెయిలెన్సన్ 2009లో తమ పోలికలున్న అవతార్ పరుగెత్తడం చూసినవారు తర్వాత ఎక్కువ వ్యాయామం చేశారని రాశారు. హానికర పార్శ్వమూ ఉంది. 2013లో ఫాక్స్ తదితరుల అధ్యయనంలో శృంగారపరమైన వేషంలోని అవతార్లు దొరికిన స్త్రీలలో తమ దేహం గురించిన ఆలోచనలు పెరిగాయి.

ప్రభావం ఎంత?

రబీంద్ర రతన్ బృందం 2020లో 46 అధ్యయనాలను కలిపి చేసిన మెటా విశ్లేషణ ప్రకారం ప్రభావం నిజమే, కానీ దాని పరిమాణం చిన్నది నుంచి మధ్యస్థం. జనరంజక రచనల్లో కనిపించేంత పెద్దది కాదు. తొలి ప్రయోగాలు తక్కువ మందితో, ఎక్కువగా అమెరికా విద్యార్థులతో, ఒక్క పూటలో ముగిసినవి.

దీర్ఘకాలిక పరిశీలనలు ఇటీవలివే. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో హెడ్‌సెట్ల లోపలే వారాల తరబడి నడిపిన కోర్సు ఆధారంగా యూజీ హాన్ తదితరులు 2023లో ఫలితాలు ప్రచురించారు. తమ పోలికలున్న అవతార్లు వాడిన వారాల్లో విద్యార్థుల కదలికలు ఒకరితో ఒకరికి ఎక్కువగా కుదిరాయి. అందరికీ ఒకే రూపం ఉన్న వారాల్లో సరదా ఎక్కువైంది. గడిచే కొద్దీ బృందంలో ఐకమత్యం, సన్నివేశం నిజమన్న భావన పెరిగాయి. అవతార్ పట్ల స్పందన వాడకంతో మారుతుందని దీన్నిబట్టి తేలుతుంది కనుక, ఒక్క పూట ప్రయోగాల అంకెలను రోజూ హెడ్‌సెట్ వాడేవారికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.